డెమో క్లాసులో కునుకు

సోమవారం పొద్దున్నే అచ్యుతరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండో పెసరట్టు తుంచుతూ, ఈ రోజు తన క్లాసులో అందర్నీ పది నిమిషాలు పడుకోబెట్టబోతున్నానని భార్యకు చెప్పాడు. వసుమతి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పడుకోబెట్టడమేంటండీ? వాళ్ళేమన్నా ఎల్‌కేజీ పిల్లలా?"

"నిద్రపుచ్చడం కాదే బాబూ. విశ్రాంతి. పాఠం చెప్పాక మెదడుని కాసేపు దాని మానాన వదిలెయ్యమని మీ స్కూల్లో ఆ మేడం చెప్పలేదూ?"

"కాసేపు మాట్లాడకుండా కూర్చోమంది. నిద్ర సంగతి రాత్రికి చెప్పింది. రెండూ కలగాపులగం చెయ్యకండి."

"మౌనం ముదిరితే నిద్రే కదా," అని చెయ్యి కడుక్కున్నాడు అచ్యుతరావు. ఏ విషయమైనా సగం అర్థమయ్యేసరికి ఆయనకి ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

వసుమతి పంజాగుట్టలో ఒక చిన్న స్కూల్లో మూడో తరగతి టీచరు. మెదడు మీద జరిగిన పరిశోధనలను తరగతి గదిలో ఎలా వాడుకోవాలో చెప్పడానికి మొన్న శనివారం ఆ స్కూల్లో ఒక మేడం చేత టీచర్లకు శిక్షణ ఇప్పించారు. భార్యను దింపడానికి వెళ్ళిన అచ్యుతరావు, వాన పట్టుకోవడంతో వెనక బెంచీలో కూర్చున్నాడు. వాన తగ్గేదాకా అని కూర్చున్నవాడు చివరిదాకా కదల్లేదు. పాఠం చెప్పకముందే ప్రశ్న అడగాలట. జవాబు తప్పయినా ఫరవాలేదు, అసలు జవాబు కోసం మెదడు కాచుకుని ఉంటుందట. ఒకదాని మీద ఒకటి కుక్కుతూ పోతే ఏదీ నిలవదట. చెప్పాక కాస్త ఆగాలట. ఆ తర్వాత పుస్తకం మూయించి, గుర్తున్నది చెప్పించాలట.

వింటుంటే అచ్యుతరావుకి ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆయన అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో డేటాబేసు పాఠాలు చెప్పే మాస్టారు. డేటాబేసులో ఎంత సమాచారం ఎక్కించినా, చివర 'కమిట్' అని ఆజ్ఞ ఇవ్వకపోతే అది నిలవదు. కరెంటు పోతే దాంతోపాటే పోతుంది. ఇన్నేళ్ళూ పిల్లల బుర్రల్లోకి పాఠాలు ఎక్కించడమే తప్ప తాను ఒక్కరోజైనా కమిట్ కొట్టించలేదని ఆయనకి ఆ వానలో జ్ఞానోదయమైంది. లోకంలో ఉన్నదంతా డేటాబేసే అనుకోవడం ఆయనకున్న ఏకైక దురలవాటు.

ఆ జ్ఞానోదయం అవసరమైన వేళకే వచ్చింది. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా మొదటి క్లాసు ఉచితం. దాన్ని డెమో అంటారు. కుర్రాళ్ళు ఈ మేడ మీద ఒక డెమో, ఆ మేడ మీద ఒక డెమో విని, నచ్చినచోట చేరతారు. పెళ్ళిచూపుల్లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడి మాస్టార్లకి వేరే చెప్పక్కర్లేదు. సంస్థ యజమాని దుర్గేష్ ఒకప్పుడు అచ్యుతరావు దగ్గరే చదువుకున్నవాడు. గురువంటే గౌరవం ఉన్నవాడు. ఆ గౌరవం కొద్దీ మొన్న తలుపు దగ్గరగా వేసి మరీ మాట్లాడాడు.

"సార్, మీ బ్యాచ్‌లు పల్చగైతున్నయ్. సోమారం డెమోకి బ్యాచ్ నిండలేదనుకో, లాక్‌డౌన్ల తీసిన మీ వీడియోలే టీవీల ఏస్త. ఏమనుకోకున్రి సార్. ఎట్లైనా మనిషి మీరే కద."

మనిషి తానే, నిజమే. కానీ ఆ వీడియోల్లో అచ్యుతరావుకి జుట్టు నల్లగా ఉంటుంది, గొంతు ఖంగుమంటుంది, జీతం ఉండదు. తన కుర్చీలోంచి తననే లేపేసి తననే కూర్చోబెడతారన్న మాట విన్నప్పటినుంచి ఆయనకి ఇంకో ధ్యాస లేదు. పాఠం చెప్పడం తప్ప ఆయనకి ఇంకో పని రాదు. వచ్చినా చెయ్యబుద్ధి కాదు. అందుకే బల్కంపేటలోని ఇంటి నుంచి నడుస్తూ వచ్చినంతసేపూ, ఎల్లమ్మ గుడి ముందు ఆగి దణ్ణం పెట్టుకున్నప్పుడు కూడా, ఆయన మనసులో ఉన్నది ఒకటే కోరిక: ఈ బ్యాచ్ నిండాలి.

మూడో అంతస్తులో గది నిండా జనం ఉన్నారు. డెమోకి జనం రావడం పెద్ద విశేషం కాదు, బయట ఎండ, లోపల ఏసీ. ముందు బెంచీలో తారక్ కూర్చున్నాడు. రాజమండ్రి నుంచి వచ్చిన ఈ కుర్రాడు అమీర్‌పేటలో ప్రతి డెమోకీ వెళ్ళి, ఏ కోర్సులోనూ చేరని ఘనుడు. ఏ సబ్జెక్టులోనైనా సరే, మొదటి పాఠం వరకూ అతన్ని కొట్టేవాడు లేడు. అతని పక్క వరసలో జగిత్యాల నుంచి వచ్చిన హరిణి ఉంది. వెనక సందులో ఫౌజియా నడిపే లేడీస్ హాస్టల్లో ఉంటుంది. మొహం చూస్తే ఉద్యోగం కోసం కాదు, ఒక మంచం కోసం వెతుక్కుంటున్నట్టు ఉంది.

అచ్యుతరావు బోర్డు మీద ఏమీ రాయకుండా ముందు ప్రశ్న వేశాడు. "మీ హాస్టల్లో మంచాలు ఒక పట్టికలో ఉన్నాయి. మనుషులు ఇంకో పట్టికలో ఉన్నారు. ఏ మంచం ఖాళీగా ఉందో కంప్యూటర్ని ఎలా అడుగుతారు?"

"వార్డెన్‌ని అడిగితే సరిపోద్ది కదండీ," అన్నాడు తారక్. అందరూ నవ్వారు. మిగతావాళ్ళు తలో తప్పు జవాబూ చెప్పారు. ఎన్ని తప్పులు వస్తే అచ్యుతరావుకి అంత సంబరమైంది. అప్పుడు మొదలుపెట్టాడు. మంచాల పట్టికని ఎడమవైపు పెట్టుకుని, మనిషి ఉన్నా లేకపోయినా ప్రతి మంచాన్నీ చూపించేదాన్ని లెఫ్ట్ జాయిన్ అంటారనీ, మనిషి లేనిచోట 'నల్' అని ఖాళీ వస్తుందనీ, ఆ ఖాళీయే మనకి కావలసిన జవాబనీ చెప్పాడు. అంత బాగా ఆయన ఈమధ్య కాలంలో ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కరు కూడా ఫోను చూడలేదు.

"ఇప్పుడు పుస్తకాలు మూసెయ్యండి. తలలు బల్ల మీద వాల్చండి. పది నిమిషాలు. మీ మెదడు కమిట్ కొట్టుకుంటుంది," అని లైట్లు ఆర్పి, కర్టెను లాగి, ఏసీ కాస్త పెంచాడు.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అమీర్‌పేటకి వచ్చాక వాళ్ళని లెమ్మన్నవాళ్ళూ, చదవమన్నవాళ్ళూ, ఇంకా రాలేదా ఉద్యోగం అన్నవాళ్ళే కానీ, పడుకోమన్నవాళ్ళు లేరు. మాట జవదాటకుండా తలలు వాల్చారు.

పది నిమిషాలయ్యాక అచ్యుతరావు "ఇక లేవండి" అన్నాడు. ఎవరూ లేవలేదు. చప్పట్లు కొట్టాడు. తారక్ మాత్రం ఇటు తిరిగి పడుకున్నాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూశాడు. హరిణి చెంప పుస్తకానికి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని పసిపిల్లలా నిద్రపోతోంది. కళ్ళ కింద నలుపు చీకట్లో కూడా కనిపిస్తోంది. గదికి ఆరుగురు చొప్పున సర్దుకుని, ఒకడు నైట్ షిఫ్టుకి పోతే ఇంకొకడు ఫోను మోగించుకుంటూ ఉంటే, ఈ పిల్లలు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. అచ్యుతరావు లేపడానికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. ఇంకో ఐదు నిమిషాలు పడుకోనిద్దాం అనుకుని, చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చి, తలుపు మూసి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే దుర్గేష్ ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. ఆయన పేరు రాఘవయ్య. కూతుర్ని చేర్పించడానికి సిద్దిపేట నుంచి వచ్చాడు.

"మా సార్ క్లాసుల సూది కింద పడ్డా ఇనపడ్తది పెద్దాయనా. జర అద్దంల కెల్లి సూడున్రి," అన్నాడు దుర్గేష్.

రాఘవయ్య తలుపుకున్న అద్దంలోంచి చూశాడు. లోపల చీకటి. బల్లల మీద పడిన తలలు, వేలాడుతున్న చేతులు.

"అయ్యో దేవుడా! పిల్లలందరు పడిపోయిన్రు!" అని కేకపెట్టి, పెద్దాయన మెట్ల మీద ఒకటే పరుగు.

దుర్గేష్ కూడా చూశాడు. "సార్! ఏమైంది సార్ ఈళ్ళకు?"

"ష్! కమిట్ అవుతోంది."

దుర్గేష్‌కి కమిట్ అంటే తెలుసు, నేర్పింది ఈయనే. కానీ మనుషులు కమిట్ కావడం అప్పటి సిలబస్‌లో లేదు.

ఈలోగా కబురు మెట్లు దిగుతూ పెరిగింది. రెండో అంతస్తులో ఏసీ గ్యాసు లీకైందన్నారు. అక్కడి క్లాసు మొత్తం పుస్తకాలతో సహా బయటపడింది. మొదటి అంతస్తు వాళ్ళు పుస్తకాలు కూడా తీసుకోలేదు. మెట్ల కింద కరపత్రాలు పంచే పక్క సంస్థల మనుషులు "ఆ సార్ డెమోలో జనం పడిపోతున్నరంట, మా దగ్గర గట్లాంటిది లేదు" అని పంచడం మొదలుపెట్టారు. రోడ్డు మీద షేర్ ఆటోలు ఆగాయి. పడిపోయినవాళ్ళలో సగం మంది ఒకే హాస్టలు వాళ్ళని ఎవరో గుర్తు చేసుకునేసరికి, గ్యాసు కాస్తా టిఫినులో కల్తీగా మారింది.

ఆ మాట ఫౌజియా వంటింటి దాకా వెళ్ళింది. చేతిలో గరిటె చేతిలోనే ఉండగా పరిగెత్తుకొచ్చింది.

"యా అల్లా! పొద్దుగాల ఉప్మా నేనే పెట్టిన గద! నేను సుత తిన్న! నాకేం కాలే! హరిణి ఏడుంది? నా పిల్లలు ఏడున్నరు?"

ఆమె వెనకే ఒక కానిస్టేబులు, ఆయన వెనక స్ట్రెచరుతో అంబులెన్సు మనిషి వచ్చారు. ఇంతమందికీ ఎదురుగా తలుపు దగ్గర అచ్యుతరావు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"దయచేసి లోపలికి వెళ్ళకండి. నిద్ర చెడిపోతుంది."

కానిస్టేబులు ఆయన్ని కిందినుంచి పైకి చూశాడు. "నువ్వే పండబెట్టినవా?"

"అవునండీ. నేనే."

"ఏమిచ్చినవ్?"

"లెఫ్ట్ జాయిన్."

"గదేం మందు? యాడ దొరుకుతది?" అంటూ కానిస్టేబులు ఆయన్ని భుజం పట్టి పక్కకి జరిపాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అచ్యుతరావుని ఎవరూ అలా పట్టుకోలేదు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బ్యాచ్ సంగతి అటుంచి, సాయంత్రానికి తాను ఇంట్లో ఉంటాడో స్టేషన్లో ఉంటాడో తెలియకుండా పోయింది.

అంబులెన్సు మనిషి టార్చి వేసి, ముందు బెంచీలో తారక్ కనురెప్ప ఎత్తి చూశాడు.

"అమ్మా, ఇంకో రెండు నిమిషాలే," అని తారక్ ఆ చేతిని తోసేశాడు.

అంబులెన్సు మనిషి ఇంకో నలుగురి నాడి చూసి, టార్చి ఆర్పేసి, గుసగుసగా చెప్పాడు. "ఏం కాలే. మంచిగ పన్నరు. గింత మంచి నిద్ర నేను సుత ఈమధ్యల సూడలే."

ఫౌజియా అందర్నీ తోసుకుని హరిణి దగ్గరికి వెళ్ళి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే నేల మీద కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి, తలుపు దగ్గర మూగిన జనం వైపు గరిటె చూపించింది. "ఎవరన్న గట్టిగ మాట్లాడిన్రో, గరిటె తిరగేస్త. పిల్లలు పన్నరు."

దాంతో ఆ మేడంతా నిశ్శబ్దమైపోయింది. కానిస్టేబులు తన వాకీటాకీ గొంతు తగ్గించుకున్నాడు. మెట్ల మీదున్నవాళ్ళు పాదాల చివళ్ళ మీద నిలబడ్డారు. అమీర్‌పేటలో పట్టపగలు అంత మౌనం ఎవరూ ఎరగరు. అచ్యుతరావుకి ఇదంతా వసుమతి చూసి ఉంటే బాగుండేదనిపించింది. చూడనందుకు సంతోషంగా కూడా అనిపించింది.

దుర్గేష్‌కి మాత్రం మతిపోయింది. వచ్చిన తల్లిదండ్రులందరూ వెనక్కి పోతారని, వాళ్ళని పక్క గదిలోకి పిలిచి, సంస్థ బాగానే నడుస్తోందని నిరూపించడానికి టీవీలో అచ్యుతరావు వీడియో పెట్టాడు. కంగారులో సౌండు చివరిదాకా తిప్పేశాడు. గోడలు అదిరేలా నల్లజుట్టు అచ్యుతరావు అరిచాడు.

"అర్థమైందా?"

"అర్థమైంది సార్!" అని గదిలో పడుకున్న అందరూ ఒక్కసారి తలలెత్తి అరిచారు. కళ్ళు ఆ తర్వాత తెరిచారు. ఎదురుగా కానిస్టేబులు, స్ట్రెచరు, గరిటె. హరిణి భయంతో లేచి నిలబడింది.

కానిస్టేబులుకి ఇంకా అనుమానం తీరలేదు. "నిజంగ పాఠమే సెప్పిండా ఈయన?"

"అడగండి," అన్నాడు అచ్యుతరావు. "పుస్తకం చూడకుండా చెప్తారు." ఒక్కరికి గుర్తులేకపోయినా ఈ రోజుతో తన పని అయిపోయినట్టే.

"ఏ మంచం ఖాళీగ ఉందో ఎట్ల తెలుస్తది?" అని అచ్యుతరావు అందించిన ప్రశ్ననే కానిస్టేబులు హరిణిని అడిగాడు.

హరిణి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "మంచాల పట్టిక ఎడమ దిక్కు పెట్టి లెఫ్ట్ జాయిన్ చేయాలె సార్. మంచం ఉండి మనిషి లేకుంటె పేరు కాడ నల్ వస్తది. మా రూంల చేస్తె నా మంచం కాడ గట్లనే వస్తది. రాత్రి నేను మెట్ల మీద కూసొని సదువుత."

"మెట్ల మీదెందుకు బేటీ?" ఫౌజియా ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకెందుకు చెప్పలే?"

"లైటేస్తె మిగిలినోళ్ళు లేస్తరని, ఆంటీ."

తర్వాత ఒకరి వెంట ఒకరు, నల్ అంటే ఏమిటో, అది ఎక్కడ వస్తుందో, పుస్తకం తెరవకుండా చెప్పుకుంటూ పోయారు. మళ్ళీ మెట్లెక్కి వచ్చి ఇదంతా విన్న రాఘవయ్య కండువాతో మొహం తుడుచుకుని, "నా బిడ్డని ఈ సార్ కాడనే ఏస్త," అన్నాడు. అచ్యుతరావుకి కళ్ళు చెమర్చాయి. బ్యాచ్ నిండుతుందనే అనుకున్నాడు, దుర్గేష్ ఆయన్ని పక్కకి పిలిచేదాకా.

"సార్, మీకు దండం పెడ్త. ఇయ్యాల పోలీసులొచ్చిన్రు, రేపు బిల్డింగోడొస్తడు. బ్యాచ్ నిండినా సరే, వీడియోనే పెడ్దం. వీడియో సూసి ఎవ్వరు పడిపోరు."

పక్కకి పిలిచి మాట్లాడినా, ఆ మౌనంలో అందరికీ వినిపించింది. హరిణి ముందుకొచ్చింది. "అన్నా, వీడియోలు మా ఫోన్లల్ల సుత ఉన్నయ్. మేం పండుకున్నా అది ఆగదు, చెప్పుకుంటనే పోతది. సార్ ఆగిండు."

"సార్ ఉంటే నేను చేరతానండీ," అన్నాడు తారక్. అతని నోట ఆ మాట వస్తుందని అమీర్‌పేటలో ఎవరూ అనుకోలేదు. అతనూ అనుకున్నట్టు లేదు, అనేసి తనే బిత్తరపోయాడు.

దుర్గేష్ తల గోక్కున్నాడు. గురువుగారి మొహం వైపు చూడకుండా ఒక షరతు పెట్టాడు. "సరే. రేపు ఫస్ట్ క్లాస్‌ల నేనే వెనక కూసొని సూస్త. ఆ పది నిమిషాల్ల ఒక్క మనిషి పన్నా సరే, ఎల్లుండికెల్లి వీడియోనే. గీ మాటకు తిరుగులేదు సార్."

మర్నాడు క్లాసు నిండిపోయింది. అచ్యుతరావు పది నిమిషాలు మానేద్దామా అని నడిచినంతసేపూ ఆలోచించాడు. కానీ నమ్మినదాన్ని భయపడి మానేస్తే, తనకీ ఆ టీవీకీ తేడా ఏముందనిపించింది. పాఠం చెప్పాడు. పుస్తకాలు మూయించాడు. లైట్లు ఆర్పాడు. "నిద్రపోకండమ్మా, ఊరికే కూర్చోండి," అన్నాడు. అది ఆజ్ఞలా లేదు, బతిమాలినట్టు ఉంది.

పిల్లలు ముందే మాట్లాడుకుని వచ్చారు. సార్ ఉద్యోగం తమ కనురెప్పల మీద ఉందని వాళ్ళకి తెలుసు. తారక్ తన తొడ తనే గిల్లుకుంటున్నాడు. హరిణి క్రితం రాత్రి ఫౌజియా గదిలో లైటు వేసుకుని చదివి, అక్కడే హాయిగా పడుకుని వచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని గుడ్లు మిటకరించుకుని కూర్చుంది. ఆవలింత వచ్చినవాళ్ళ వీపు మీద వెనకవాళ్ళు వేలితో పొడుస్తున్నారు. అచ్యుతరావుకి ఆ పది నిమిషాలూ ఒక యుగంలా గడిచాయి.

లైట్లు వేశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. అవి తనవైపే చూస్తున్నాయి. ఆయనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు చివరి బెంచీలోంచి సన్నగా గురక వినిపించింది. అందరూ వెనక్కి తిరిగారు. దుర్గేష్ నుదురు బల్లకి ఆనించి, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తాళాల గుత్తి పట్టుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. ఈ సంస్థ పెట్టిన రోజు నుంచీ అతనూ సరిగ్గా పడుకున్నట్టు లేదు. షరతు పెట్టినవాడే పడుకున్నాక, ఇక వీడియో మాట ఎత్తే మొహం ఎవరికుంటుంది? అచ్యుతరావు పెదాల మీద వేలు పెట్టి, మార్కరు తీసుకుని, గొంతు తగ్గించి తర్వాతి పాఠం మొదలుపెట్టాడు.

ఫీజు కట్టనివాళ్ళు క్లాసులో కూర్చోరాదని దుర్గేష్ స్వయంగా రాయించిన బోర్డు గోడ మీద ఉన్నా, ఆ రోజుకి దాన్ని చూపించి అతన్ని ఎవరూ లేపలేదు.